తాళంచెవి పదకొండో లైన్ల ఉన్నది

అచ్చంపేట దిక్కు నుంచి ఒక తమ్ముడు అడిగిండు: "అక్కా, పాలమూరు యూనివర్సిటీల పీజీ చదువుతున్న. రెండేండ్ల సంది పత్రికలకు కవితలు పంపుతున్న. నలభై దాక పంపిన, రెండే అచ్చయినయి. తీసుకున్నమని చెప్పరు, తీసుకోలేదనీ చెప్పరు. తెలిసినోళ్ళవే వేస్తరా? మన భాషల రాస్తే పక్కకు పెడతరా? నేనేం చెయ్యాలె?" కింద 'వలస' అని ఒక కవిత గూడ పెట్టిండు.

తమ్ముడూ, నేను నల్లగొండల తెలుగు టీచరుగ చేసి రిటైరైన. ముప్పై ఏండ్ల సంది రాస్తున్న. అందుల తొమ్మిదేండ్లు, దోస్తులం నలుగురం కలిసి ఒక చిన్న త్రైమాసిక పత్రిక నడిపినం. ఐదు వందల కాపీలు. వచ్చిన కవితలు చూసే పని నాదే. పత్రిక ఎప్పుడో మూతపడ్డది గని, కవర్ల కట్టలు ఇంకా మా అటక మీదనే ఉన్నయి. కవిత పంపి పోస్ట్‌మన్ కోసం దర్వాజల నిలబడ్డదాన్నీ నేనే, ఒకరి కవిత చదవకుండ మూడు నెలలు టేబుల్ మీద పెట్టుకున్నదాన్నీ నేనే. ఈ రెండు సంగతులూ యాదిల పెట్టుకొని నా మాట విను.

నలభైకి రెండంటే నాకు తక్కువ అనిపించలేదు. నేను పంపిన మొదటి ఇరవైల ఒక్కటీ పడలేదు. ఇరవై ఒకటోది ఒక పేపర్ల పడ్డది. పొద్దున్నే నల్లగొండ బస్టాండుకు పోయి ఐదు కాపీలు కొన్న. తీరా చూస్తే చివరి మూడు లైన్లు లేవు. పక్కన బోరు మోటర్ల అడ్వర్టైజ్‌మెంటు ఉన్నది, దానికి జాగ సరిపోక నా కవిత తోక కోసిండ్రు. మూడు రోజులు అన్నం సయించలేదు. ఐదారేండ్లకు పుస్తకం వేసుకునేటప్పుడు ఆ మూడు లైన్లు మళ్ళ కలుపుదామని పాత నోటుబుక్కు తీసిన. "ఓ మనిషీ మేలుకో" బాపతు లైన్లు. కలపలేదు. అట్లని కోసినాయనకు థ్యాంక్స్ చెప్పేంత పెద్దమనసు నాకు లేదు, ఆయన కోసింది అడ్వర్టైజ్‌మెంటు కోసమే గదా.

తెలిసినోళ్ళవే వేస్తరా అంటే, కొంత నిజమే. దినపత్రికల సాహిత్యం పేజీ చూసేది ఒకరో ఇద్దరో. వాళ్ళకు అదొక్కటే పని గాదు, వేరే పేజీలూ ఉంటయి. సోమవారం రావాల్సిన పేజీ శుక్ర, శనివారాలకే పెట్టుకోవాలె. ఒక వ్యాసం, ఒక పుస్తక సమీక్ష, సభల కబుర్లు పోంగ కవితకు మిగిలేది ఇరవై ఐదు, ముప్పై లైన్ల జాగ. అంతల ఒక పేరున్న కవి కవిత పంపితే సంపాదకునికి నిశ్చింత. చదవకముందే సగం ఒప్పుకున్నట్టే. దాన్ని నేను సమర్థిస్తలేను, మా పత్రికల నేనూ అట్లనే చేసిన. కానీ ఇంకో సంగతి గూడ ఉన్నది. వారం వారం అవే పేర్లు పడుతుంటే సంపాదకునికే విసుగొస్తది. ఎన్నడూ వినని ఊరి నుంచి ఒక మంచి కవిత వస్తే ఆ రోజు పక్క టేబుల్ ఆయనకు చదివి వినిపిస్తడు. నేను మా ఆయనకు వినిపించేదాన్ని, ఆయన రైతుబజార్ సంచి పట్టుకొని తలుపు కాడ నిలబడి వినేటోడు.

మనోళ్ళను ఎవలూ చూడరన్న రంధి మనకు కొత్తది గాదు. తెలంగాణల కవులు పూజ్యమని, అంటే సున్న అని, ఒకాయన రాస్తే, మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి ఏం చేసిండో చదివే ఉంటవు. 1926ల పెట్టిన గోలకొండ పత్రిక చేతిల ఉన్నది. తిట్టుకుంట కూసోకుండ, పద్యాలు పంపుమని అదే పత్రికల అడిగిండు. 1934ల గోలకొండ కవుల సంచిక వచ్చింది, 354 మంది కవులతోని. నాకు ఆ పుస్తకం చూసినప్పుడల్లా వచ్చే ఆలోచన వేరే. అడగకముందు గూడ వాళ్ళందరు ఉన్నోళ్ళే గదా. పద్యాలు సందుగుల్ల పెట్టుకొని ఊర్లల్ల కూసున్నరు. మా నల్లగొండలనైతే అంతకంటె ముందే, 1922ల, షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నీలగిరి పత్రిక నడిపిండు. మొన్నమొన్న 2021ల కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం గోరటి వెంకన్నకు, యువ పురస్కారం తగుళ్ళ గోపాల్‌కు వచ్చినయి. ఒకే ఏడు, రెండూ ఉమ్మడి పాలమూరుకే. కాబట్టి ఊరు దూరమనే బాధను కొన్నిరోజులు పక్కన పెట్టు, కవిత సంగతి చూద్దాం.

నేను కవితలు చదివే పద్ధతి సిగ్గు లేకుండ చెప్త. మొదటి నాలుగు లైన్లు. అంతే. అవి నాకు తెలిసిన లైన్లే అయితే, అంటే ఎవలైనా రాయగలిగినవే అయితే, కండ్లు కిందికి దిగేటివి గావు. చివరికి ఉరికేదాన్ని. చివర గూడ ఉదయించే సూర్యుడో, మోగే డప్పో ఉంటే పక్కకు పెట్టేదాన్ని. అన్యాయమే. కానీ దినాం పది కవితలొచ్చే టేబుల్ మీద ఇంతకంటె న్యాయం దొరకదు.

ఇప్పుడు నీ 'వలస' చూడు. మొదలు ఇట్ల ఉన్నది:

పాలమూరు కన్నీటి గాథ
ఎన్నాళ్ళీ వలస బాధ
ఆకలి మంటల చితిలో
కాలుతున్న బతుకుల కథ

ఈ నాలుగు లైన్లు నీవు రాయలే తమ్ముడూ. నీ కంటె ముందు వంద మంది రాసి పెట్టిండ్రు, నీవు తెచ్చుకున్నవు. పాలమూరు నుంచి వచ్చే కవితల కన్నీటి గాథ, మా నల్లగొండ నుంచి పోయే కవితల ఫ్లోరైడ్ భూతం, మర్రిగూడ, మునుగోడు వంకర కాళ్ళు. బాధ నిజమే. మా మేనత్త బిడ్డది అదే బాధ, నేను ఎరుగుదును. కానీ ఆ మాటలు అరిగిపోయిన రూపాయి బిళ్ళ లెక్క అయినయి, బొమ్మ కనపడదు. తర్వాత ఆరు లైన్లు గూడ అట్లనే పోయినయి. పదకొండో లైను కాడ నేను ఆగిన. "బస్సు కదిలినంక అవ్వ కొంగు తడుముకున్నది, తాళంచెవి ఉన్నది" అన్నవు. మళ్ళ పది లైన్లు పాలకులను తిట్టి, ఇరవై రెండో లైన్ల "పుణెల మేమున్న రేకుల షెడ్డుకు తలుపే లేదు" అన్నవు. నేను ఒక్క మాట గూడ కలపకుండ, నీ రెండు లైన్లను మాత్రమే విరిచి రాస్తున్న:

బస్సు కదిలినంక
అవ్వ కొంగు తడుముకున్నది
తాళంచెవి ఉన్నది

పుణెల మేమున్న రేకుల షెడ్డుకు
తలుపే లేదు

ఇది నీదే. ఇది ఇంకొకరు రాయలేరు. చిన్నగ అయిపోయింది గదా అంటవేమో. పొడుగు చెయ్యాలంటే పాలకుల కాడికి పోకు, ఆ తాళం వేసిన ఇంట్లకు పో. లోపల ఏం పెట్టి తాళం వేసిండ్రు? దంచిన కారమా, కోళ్ళగంపనా, అటుకుల డబ్బనా? పీర్ల పండుగకు తిరిగొచ్చి తాళం తీసినప్పుడు ఏ వాసన వచ్చింది? నీకు తెలుసు, నాకు తెల్వదు. నాకు తెల్వనిది చెప్తేనే నేను చదువుత. తిట్టుడు అవసరం లేదని కాదు. ఆ తలుపు లేని షెడ్డు చూసినోడు తిట్టుడు ఆయనే తిట్టుకుంటడు.

రాసినంక ఒక పని చెయ్యి. మొదటి నాలుగు లైన్లు బొటనవేలుతోని మూసి, అయిదో లైను నుంచి చదువు. ఏమీ పోలేదనిపిస్తే ఆ నాలుగూ తీసెయ్యి. నా కవితల్ల సగానికి పైగ ఈ బొటనవేలు కింద పోయినయి.

మన భాష సంగతి. ఇప్పుడు ఆ భయం అక్కర లేదు. తెలంగాణ మాట రాసినందుకు కవితను పక్కకు పెట్టే రోజులు పోయినయి. అయితే రెండు తిప్పలున్నయి. ఒకటి, కవితంత "ఉన్నాడు, వచ్చాడు" అని రాసి మధ్యల "గీ, గా, గిట్ల" అని పోపు పెడతరు. అది ఎవలికైనా తెలిసిపోతది. అవ్వ మాట్లాడితే అవ్వ లెక్క మాట్లాడాలె, నీవు మాట్లాడితే నీవు మాట్లాడినట్టే ఉండాలె. రెండోది, పేజీ పెట్టే కాడ ఎవరో ఒకరు "వచ్చిండు"ను "వచ్చాడు" అని సవరిస్తరు. వాళ్ళకది అచ్చుతప్పు లెక్క కనిపిస్తది. నాకు ఒకసారి 'మొగులు' అని రాస్తే 'మొగలి' అని పడ్డది, వానమబ్బు కాస్తా పువ్వయి కూసున్నది. అందుకే మెయిల్ల ఒక వాక్యం రాయి: "మాండలిక పదాలను ఉన్నవి ఉన్నట్టే ఉంచగలరు."

ఎక్కడికి పంపాలె అన్నది నీవు అడగలే గని, అసలు తప్పు అక్కడనే జరుగుతున్నట్టున్నది. నలభై కవితలను ఏ ఏ పత్రికలకు పంపినవో రాసినవు. అందుల ఎన్ని పత్రికలు చదివినవు? నిజం చెప్పు. విరసం (విప్లవ రచయితల సంఘం) పత్రిక అరుణతారకు వెన్నెల రాత్రి ప్రేమకవిత పంపి జవాబు రాలేదంటే తప్పు ఎవలది? సోమవారం ఆంధ్రజ్యోతి సాహిత్యం పేజీ 'వివిధ' వేరు, నవతెలంగాణది 'దర్వాజ' వేరు. పాలపిట్ట అసొంటి మాసపత్రికకు ఒక తీరు, 1998 సంది నడుస్తున్న ఈమాట అసొంటి వెబ్ పత్రికకు ఇంకో తీరు. సారంగ, కొలిమి గూడ వెబ్ పత్రికలే, ఎవరి దారి వాళ్ళది. మహబూబ్‌నగర్ జిల్లా గ్రంథాలయంల ఒక ఆదివారం కూసో. పంపుదామనుకున్న పత్రికవి పాత సంచికలు ఐదారు తిరగేసి, కవితలొక్కటే చదువు. ఎన్ని లైన్లవి వేస్తున్నరు, వచనమేనా, పాట గూడ వేస్తరా, ఏం వస్తువులు, కొత్త పేర్లు ఎన్ని. సంచికకు ఒక్కటన్నా తెల్వని పేరు ఉన్నదంటే ఆ పత్రిక తలుపు తీసి ఉన్నట్టు. ముందు దానికి పంపు. మెయిల్ ఐడీ, నియమాలు తాజా సంచికల చూసి రాసుకో. ఫ్రెండు వాట్సప్‌ల పంపిన 'పత్రికల చిరునామాలు' లిస్టును నమ్మకు, అందుల సగం పత్రికలు మా పత్రిక లెక్కనే ఎన్నడో మూతపడ్డయి.

పంపే పద్ధతి చిన్న ముచ్చటే గని చాలామంది ఇక్కడనే పోగొట్టుకుంటరు. నోటుబుక్కుల రాసి ఫోటో తీసి పంపకు, పీడీఎఫ్ ఒక్కటే పంపకు. వాళ్ళు మళ్ళ టైపు చెయ్యాలె, చెయ్యరు. యూనికోడ్‌ల టైపు చేసి వర్డ్ ఫైలు పెట్టు, అదే కవిత మెయిల్ల గూడ అతికించు. కొన్ని పత్రికలు ఇంకా యూనికోడ్ గాని 'అను' ఫాంట్లలనే పేజీ పెడతయి. యూనికోడ్ నుంచి దాంట్లకు మార్చేటప్పుడు ఒత్తులు చెదురుతయి, లైన్లు కలిసిపోతయి. అందుకని లైను ఎక్కడ విరగాల్నో తెలిసేటట్టు పీడీఎఫ్ తోడుగ పెడితే మంచిది. ఫైలు పేరు 'కవిత' అని పెట్టకు. సంపాదకుని కంప్యూటర్ల 'కవిత' అనే ఫైళ్ళు ముప్పై ఉంటయి. నీ పేరు, కవిత పేరు కలిపి పెట్టు. మెయిల్ల నాలుగు వాక్యాలు చాలు: నమస్కారం, కవిత పేరు, ఇది నా సొంత రచన, అనువాదమో అనుకరణో కాదు, ఎక్కడా అచ్చుకాలేదు, వేరే పత్రిక పరిశీలనల లేదు. కింద పేరు, ఊరు, ఫోన్ నంబరు. మీరు గొప్ప సంపాదకులు అనే స్తోత్రం వద్దు, నా పేదరికం చూసి వేయమనే దండం అంతకన్నా వద్దు. ఒకాయన నాకు ఆరు పేజీల జీవిత చరిత్ర పంపి, చివర ఎనిమిది లైన్ల కవిత పెట్టిండు. జీవిత చరిత్ర బాగున్నది.

'వేరే పత్రిక పరిశీలనల లేదు' అన్న మాట రాసినంక దాన్ని నిలబెట్టుకోవాలె. ఒకే కవితను ఒకే రోజు ఐదు చోట్లకు పంపొద్దు. మా పత్రిక ఒకసారి ప్రెస్సు నుంచి వచ్చి, కట్టలు విప్పుతుంటె, అందుల ఉన్న కవితే ముందటి సోమవారం ఒక దినపత్రికల పడ్డట్టు తెలిసింది. ఆ అబ్బాయి చెడ్డోడు గాదు, ఆత్రం. కానీ ఆ తర్వాత ఆయన కవర్ వస్తే నా చెయ్యి ఎందుకో దాని మీదికి పోయేది గాదు. ఫేస్‌బుక్ గూడ ఇదే లెక్క. గోడ మీద పెట్టిన కవిత ప్రచురించినట్టే అని ఈమాట అసొంటి పత్రికలు అంటయి. కొందరు చూసీ చూడనట్టు పోతరు. నీవు పత్రికకు అనుకున్నదాన్ని పత్రికకే ఉంచు, పడ్డంక గోడకెక్కించు. ఫేస్‌బుక్ పనికిరాదని గాదు నా మాట. 2012ల కవి యాకూబ్ ఫేస్‌బుక్‌ల మొదలుపెట్టిన కవిసంగమం గ్రూపుల ఎంతమంది కొత్తోళ్ళు చెయ్యి తిప్పుకున్నరో నాకు తెలుసు. సాధనకు అది, సంచికకు ఇది.

ఎన్ని రోజులు చూడాలె? దినపత్రికకైతే రెండు నెలలు, మాసపత్రికకైతే మూడు, నాలుగు. వెనుకట తిరుగు టపాకు స్టాంపులంటించిన కవరు పెడితే కవిత వాపసన్నా వచ్చేది. మెయిల్ వచ్చినంక ఆ మర్యాద గూడ పోయింది. గడువు దాటినంక ఒకే ఒక మెయిల్: "ఫలానా తేదీన పంపిన కవిత మీ పరిశీలనలో ఉందా? లేదంటే వేరే చోటికి పంపుకుంటాను." పదిహేను రోజులు చూసి పంపేసెయ్యి. ఫోన్ చేసి అడగకు. రాత్రి తొమ్మిదింటికి అసలే అడగకు. ఒక నోటుబుక్కుల గీతలు కొట్టి కవిత పేరు, పత్రిక, పంపిన తేదీ రాసుకో. నలభై కవితలు బయట తిరుగుతుంటే ఏది ఎక్కడ ఉన్నదో నీకే తెల్వకపోతే ఎట్ల?

ఇంకొక ముచ్చట, దండుగ ముచ్చట. పండుగ కవిత పండుగకు నాలుగు రోజుల ముందు పంపితే ఎవలూ వెయ్యలేరు. ఉగాదికి కోయిల, అక్టోబరుకు బతుకమ్మ, జూన్ 2కు తెలంగాణ, ఇవి బస్తాలల్ల వస్తయి. నెల పదిహేను రోజుల ముందు పంపలేకపోతే ఊరుకో.

వాట్సప్ గ్రూపుల సర్టిఫికెట్ల గురించి నీవు గొప్పగ రాసినవు, పదిహేడు వచ్చినయని. బాధపడకు గని, వాటిని ఏ సంపాదకుడూ చూడడు. మెయిల్ల వాటి లిస్టు పెడితే నీ కవితకే నష్టం. సంకలనంల వేస్తం, ఐదు వందలు పంపుమనేటోళ్ళ కాడ ఇంకా జాగ్రత్త. ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు నంబరు) ఉంటదని ఊరిస్తరు. అది సర్కారు ఉచితంగనే ఇస్తది. శాలువ, మెమెంటో, ఫోటో దిగి అయిదు కాపీలు కొనుక్కొని వస్తవు. ఆ సంకలనాన్ని చదివేది అందుల ఉన్న కవులే, అదీ ఎవరి పేజీ వాళ్ళు. అదే ఐదు వందలతోని ఒక మంచి పత్రికకు చందా కట్టు. చందా కట్టినోళ్ళవి వేస్తరని కాదు. చిన్న పత్రిక బతకాలంటే చందాలే దిక్కు. నీ ఇంటికి పత్రిక వస్తే నీవు చదువుతవు.

డబ్బులేమన్న ఇస్తరా అని అడగలే నీవు, మంచిదైంది.

నీ ఫోన్ నంబరు ఒక రెండు మూడేండ్లు మార్చకు. మన పత్రికలు కవిత కింద నంబరు వేస్తయి. పొద్దున ఆరింటి సంది ఫోన్లు వస్తయి. ఎక్కువ రిటైరైన సార్లు, ఒకరిద్దరు తాగినోళ్ళు, ఒకరన్న తప్పు పడితరు. సోమవారం పొద్దున ఫోన్ సైలెంటుల పెట్టుకోకు. మా ఊరి చింతచెట్టు మీద నాదొక కవిత పడ్డప్పుడు మిర్యాలగూడ నుంచి ఎవరో రైసుమిల్లు గుమస్తా ఫోన్ చేసిండు. బాగున్నదని అనలే, బాగలేదని అనలే. వెనుక మిల్లు మోత. "అమ్మా, ఆ చెట్టు ఇంకా ఉన్నదా?" అని అడిగిండు. రోడ్డు వెడల్పుల కొట్టేసిండ్రన్న. "అయ్యో" అన్నడు, కొద్దిసేపు ఆగి ఫోన్ పెట్టేసిండు.